జీపులో వేయించిన మంచం

రెండేళ్ల కిందట ఒక పాత జీపు కొని, తుప్పు గీకించి, వెనక మంచం, పొయ్యి అమర్చుకుని నెల్లూరు తీరం వెంట తిరిగాను. అల్లూరు దగ్గర ఒక క్రైస్తవ స్త్రీ బానెట్ మీద చెయ్యి పెట్టి నా ప్రయాణం కోసం ప్రార్థించిందని అప్పట్లో రాశాను. చాలామంది మెచ్చుకున్నారు. నేను రాసింది నిజం కాదు.

ఆ జీపు ఒకప్పుడు ఆమె వెళ్లే చర్చిది. రోగులను నెల్లూరు ఆసుపత్రికి చేర్చేది. నేను రొయ్యల చెరువు గట్టున ఆగి టీ కాచుకుంటుంటే, అక్కడ పనిచేసే ఆమె బండిని గుర్తుపట్టి లోపలికి తొంగి చూసింది. చర్చివాళ్లు అమ్మేశారని ఆమెకు తెలుసు. కొన్నవాళ్లు కూడా అదే పనికి నడుపుతున్నారనుకుంది.

"పేషెంట్లకి మంచం కూడా వేయించినారా అన్నా? మా నాయన్ని ఇనప బెంచీ మీద పండబెట్టి తీసకపోయినాం. గుంటల్లో పడ్డప్పుడల్లా అరిచినాడు."

అది నేను పడుకునే మంచమని చెప్పడానికి నోరు రాలేదు. "అవునమ్మా" అన్నాను.

అప్పుడే ఆమె బానెట్ మీద చెయ్యి పెట్టి కళ్లు మూసుకుంది. ఈ బండి ఎక్కే ప్రతి రోగీ తిరిగి ఇల్లు చేరాలని దేవుణ్ణి అడిగింది. తర్వాత ఫోను తీసింది.

"మా అమ్మాయికి తొమ్మిదో నెల. నీ నంబరు చెప్పన్నా, అవసరమైతే చేస్తాం."

చివరి అంకె మార్చి చెప్పాను. ఆమె నంబరంతా తిరిగి చదివి, "కరెక్టేనా అన్నా?" అని అడిగింది.

"కరెక్టే" అన్నాను.