కప్ప కన్ను, మా చెల్లెలి కన్ను

కప్పల కళ్ల మీద పరిశోధన చేస్తున్నానంటే ఇల్లందులో మావాళ్లంతా నవ్వారు. మా చెల్లెలు ఒక్కతే నవ్వలేదు. తను భద్రాచలం అవతలి అడవి ఊళ్లలో నర్సు. బాలింతలను చూడటానికి స్కూటీ మీద గూడేలకు తిరిగేది. నేను సెలవుకు వచ్చినప్పుడల్లా పక్కన చేరి, "కప్ప కన్నుల ఏముంటదక్కా, చెప్పు" అని అడిగేది.

చెప్పేదాన్ని. కంటి వెనక పొరలో సన్నని కడ్డీల్లాంటి కణాలుంటాయి. రాడ్ కణాలంటారు. మసక వెలుతురులో మనకు చూపునిచ్చేవి అవే. కప్పలో అవి పెద్దవి కాబట్టి ఒక్క కణాన్ని సన్నని గాజు గొట్టం మొనలోకి లాగి, అందులో పారే కరెంటును కొలవవచ్చు. చీకట్లో ఆ కరెంటు పారుతూనే ఉంటుంది. వెలుతురు పడగానే తగ్గుతుంది. ఆ తగ్గడమే పక్క కణానికి అందే కబురు. అతి చిన్న వెలుగు రేణువు ఒక్కటి తగిలినా అది పసిగడుతుంది.

"అంటే చీకట్ల ఖాళీగుండదన్నమాట" అంది. "మరి నాకు పొద్దుగూకితే ఏం కనబడ్తలేదేంది?"

అన్నం కలుపుతున్నదాన్ని కంచం పక్కకు జరిపాను.

"ఎప్పటి సంది?"

"చానా రోజులైంది. గూడెం నుంచి వచ్చేటప్పుడు తొవ్వల గుంతలు కనబడవు. విటమిన్ గోలీలు మింగిన, తగ్గలె."

వారం తిరక్కుండానే హైదరాబాద్‌లో కంటి దవాఖానాకు తీసుకెళ్లాను. చీకటి గదిలో కూర్చోబెట్టి, కంటికి సన్నని తీగ తగిలించి, వెలుతురు మెరిపించారు. కన్ను ఇచ్చే జవాబు తెరమీద గీతగా వస్తుంది. అలాంటి గీతలను ఏళ్ల తరబడి చూసినదాన్ని నేను. కప్ప కణం గీత వెలుతురు పడగానే కదిలి, మెల్లగా మళ్లీ తన చోటికి వస్తుంది. మసక మెరుపుకు చెల్లెలి గీత కదలనే లేదు. డాక్టరమ్మ నోరు తెరవకముందే నాకు అర్థమైంది.

"మీ అమ్మానాన్నలది మేనరికమా?" అని అడిగిందామె.

"అవ్" అంది చెల్లెలు.

రాడ్ కణాలు చనిపోతున్నాయని, తర్వాత పగటి చూపు కూడా అంచుల నుంచి ముడుచుకుపోతుందని, చెల్లెలి జబ్బుకు ఇప్పటికి మందు లేదని డాక్టరమ్మ నెమ్మదిగా చెప్పింది. తిరుగు ప్రయాణంలో బస్సు ఊరు దాటాక చెల్లెలు నన్ను అడిగింది.

"అక్కా, ఆ కణాల సంగతి నీకు ఎరుకే గద. నువ్వేమన్న చేస్తవా?"

"నాతోని కాదే."

కిటికీ వైపు తిరిగింది. కాసేపటికి నేను ఏడుస్తుంటే నా వీపు నిమిరింది.

ఆ తర్వాత కొన్నేళ్లు పగటిపూట మాత్రమే తిరిగి ఉద్యోగం చేసింది. చూపు గొట్టంలోంచి చూస్తున్నంత ఇరుకయ్యాక మానేసింది. చివరిసారి గూడేనికి నేనే వెంట వెళ్లాను. చెల్లెలు కాన్పు చేసిన ఒక కోయ అమ్మాయి తన పాపను చాప మీద, చెల్లెలి మోకాలి పక్కనే పడుకోబెట్టింది. చెల్లెలు ఎదురుగా చూస్తూ, "పాపేది?" అంది. ఆ తల్లి చెల్లెలి చెయ్యి పట్టుకుని పాప కడుపు మీద పెట్టింది. చెల్లెలు వేళ్లతో ముఖమంతా తడిమి, "బరువు మంచిగ పెరిగింది" అంది.

ఇప్పుడు నా దగ్గరే ఉంటోంది. ఎదురుగా నిలబడితే నా ముఖంలో కొంచెం కనిపిస్తుందట. నేను కాలేజీ ల్యాబ్ నుంచి రాగానే ఆ రోజు పని గురించి అడుగుతుంది. మొన్న ఒక కణం చాలాసేపు బతికి, ప్రతి మెరుపుకూ జవాబిచ్చింది. చెప్పాలా వద్దా అని తటపటాయించి, చెప్పేశాను.

"గట్లనా!" అని సంతోషపడింది. తర్వాత, "మరి ఆ కప్ప?" అని అడిగింది.

"కన్ను తియ్యాలంటే ముందే దాన్ని చంపుతమే. నొప్పి తెల్వకుండనే."

"అయ్యో పాపం" అంది. కళ్లు తుడుచుకుంది.