తల్లిగారింట్లో జీపు

తొంభైల మొదట్లో ఒక ఏడు, మా ఇంట్లో పసుపు అమ్మకముందే దాంతో ఏం కొనాలో తేలిపోయింది. నా చేతికి స్టీరింగ్ తప్ప ఇంకో విద్య రాదని మా అన్న ఒప్పుకుని, ఆ పంటలో నా వాటాను జీపులో పెడదామన్నాడు. అప్పటికి ఆరేళ్లుగా నేను ఆర్మూర్ నుంచి కమ్మర్‌పల్లి దాకా వేరేవాళ్ల జీపు నడుపుతున్నాను. బడి ఏడో తరగతితో మానేశాను. మా లెక్కల సారు ఆ దిగులును ఒక్కరోజులోనే మరిచిపోయాడని విన్నాను.

చిక్కల్లా ఒకటే. పసుపు తీసిన చేనులో మరుసటి ఏడు మళ్లీ పసుపు వెయ్యం, మక్కజొన్న వేస్తాం. మక్కతో ఇల్లు గడుస్తుంది గాని జీపు రాదు. ఈసారి తప్పు బండి కొన్నామంటే నేను మళ్లీ పక్కవాడి బండి కడుక్కోవడమే.

ఊళ్లో అప్పుడు రెండు రకాల బండ్లు తిరిగేవి. పొట్టి జీపు, పొడుగు జీపు. పొట్టిది పెట్రోలుది, చూడముచ్చటగా ఉంటుంది. నలుగురు పడతారు, అయిదోవాడు చుట్టమైతేనే. పొడుగుది డీజిల్‌ది, లారీలా అరుస్తుంది. పదిమంది ఎక్కుతారు, అంగడి రోజైతే పద్నాలుగు. నడుపుకుని బతకాల్సింది పొడుగుదాంతో, నా మనసు మాత్రం పొట్టిదాని మీద. కొత్తది కొనే తాహతు ఎలాగూ లేదు, ఏదైనా పాతదే.

ఎండాకాలంలో పసుపు ఉడకబెట్టి, ఎండబెట్టి, సంచుల్లో కుట్టేసరికి పెర్కిట్ రోడ్డు మీద ఒక బ్రోకర్ దగ్గర ఆకుపచ్చ పొట్టి జీపు కనబడింది. దాని తలుపులో మొహం చూసుకుని తల దువ్వుకోవచ్చు. దువ్వుకున్నాను కూడా. అన్న టైర్లు తన్ని చూసి బాగుందన్నాడు. అన్నకు బండ్ల గురించి తెలిసింది టైర్లు తన్నడం ఒక్కటే, కాని తన్నినప్పుడు మాత్రం పెద్ద మెకానిక్‌లాగే కనబడతాడు.

వదిన కూడా మాతో వచ్చింది. పసుపుకు పాలిష్ పట్టించే పని మా ఇంట్లో ఆమె దగ్గరుండి చేయిస్తుంది. ఎండిన పసుపు కొమ్ము మట్టి రంగులో ఉంటుంది. డ్రమ్ములో వేసి తిప్పుతూ పసుపుపొడి కలిపిన నీళ్లు చల్లితే నిగనిగలాడుతుంది. కొనేవాళ్లకూ ఈ సంగతి తెలుసు. అందుకే బొటనవేలు తడి చేసుకుని కొమ్మును రుద్ది చూస్తారు, రంగు దానిదేనా, పూసిందా అని. వదిన బొటనవేలు నాలుకకు అద్దుకుని జీపు తలుపు కింది అంచును గట్టిగా రుద్దింది. రంగు పొలుసులా లేచి వేలికి అంటుకుంది. దాని కింద ఎర్రటి తుప్పు.

"ఏం మర్దీ, నెలరోజులు డ్రమ్ము తిప్పినవు. గీ పాలిష్ గుర్తుపట్టకపోతివా?" అంది.

తిప్పిందీ నేనే, పసుపునీళ్లు చల్లిందీ నేనే. దువ్వెన జేబులో పెట్టుకున్నాను.

ఇంటికొచ్చే దారిలో నాకొక ఉపాయం తోచింది. పసుపు అమ్మిన పైకం అందరి దగ్గరా ఉన్నప్పుడు బండి చవకగా ఎట్లా వస్తుంది? ఆషాఢం దాకా ఆగుదాం. శూన్యమాసమని ఎవడూ బండి ముట్టుకోడు, ధర దానంతటదే దిగుతుంది. నా తెలివికి వదిన అడ్డు చెప్పలేదు గాని ఒక షరతు పెట్టింది. బండి కుదిరేదాకా పసుపు అమ్మొద్దు, చేతిలో పైకముంటే నిలవదు. సంచులు ముందరింట్లోనే ఉండిపోయాయి. మేము వాటి మధ్య సందుల్లో పడుకున్నాం. ఇంటికొచ్చిన ప్రతివాడూ ముందు తుమ్మి తర్వాత పలకరించేవాడు.

వాన పడితే పసుపుకు చెమ్మ తగులుతుంది, చెమ్మకు పురుగు పడుతుంది. అంటే ఆగేకొద్దీ బండి ధరా దిగుతుంది, పసుపు ధరా దిగుతుంది. మొదటి వానకే పెంకులు కారి పైనున్న రెండు సంచులు తడిశాయి. అన్న రోజూ పొద్దున సంచిలో చెయ్యి పెట్టి, వాసన చూసి, నా వైపు చూసేవాడు. తిడితే బాగుండేది, నేను ఏదో ఒక జోకు వేసేవాణ్ణి.

ఆషాఢం రెండో వారంలో కబురొచ్చింది. పెర్కిట్‌లో దుబాయి నుంచి తిరిగొచ్చిన ఒకాయనకు మళ్లీ వీసా వచ్చిందట, పొడుగు జీపు అమ్మేస్తున్నాడట. ఆరోజు ముసురు పట్టింది. వాన తగ్గాక పోదామన్నాడు అన్న. తడిసినప్పుడే చూడాలంది వదిన. ముగ్గురం ఆటో ఎక్కాం.

జీపు వాకిట్లో వానలోనే నిలబడి ఉంది. నీలం రంగు వెలిసి బూడిదలా అయ్యింది. వదిన మూడుచోట్ల రుద్దింది. వేలికి వాననీళ్లు తప్ప ఏమీ రాలేదు. ఇంజను మొదటిసారి దగ్గింది, రెండోసారికి అందుకుంది. రెండో గేరు మొండిదని, వెనక గుడ్డ హుడ్డు కారుతుందని నేను కనిపెట్టకముందే ఆయనే చెప్పాడు. తప్పులన్నీ అమ్మేవాడే చెప్పేస్తే బేరం ఎక్కడ మొదలుపెట్టాలో తెలియదు. నేను దాచుకున్న అస్త్రం తీశాను.

"అన్నా, శూన్యమాసంల బండి ఎవలు కొంటరే? జర సూసి చెప్పు."

"నాకు వీసా గూడ శూన్యమాసంలనే వచ్చింది తమ్మీ. దుబాయి ఇమానానికి ఆషాఢం ఉంటదా?"

నా అస్త్రం అక్కడే విరిగింది. అయినా వారంలో ప్రయాణం ఉంది కాబట్టి ఆయన కొంత తగ్గాడు, మేము కొంత పెరిగాం. మాట కుదిరింది.

అప్పుడు మా అన్న అడ్డం తిరిగాడు. బేరం సరే, ఆషాఢంలో బండిని ఇంటి ముందుకు తేవద్దన్నాడు. ఈ నెలలో ఎవడూ బండి కొనడని లెక్క వేసినవాణ్ణి, ఆ ఎవడూలో మా అన్న కూడా ఉన్నాడని మరిచిపోయాను. అమ్మే ఆయన, శ్రావణం దాకా తాను ఆగలేనని, ఇంకెవరినైనా చూసుకుంటానని మర్యాదగానే అన్నాడు. నాకు కమ్మర్‌పల్లి రోడ్డు, కడగాల్సిన పరాయి బండి కళ్ల ముందు కనబడ్డాయి.

వదిన జీపు వెనక హుడ్డు కింద కూర్చుని కొంగు పిండుకుంటోంది.

"కొత్త కోడలు ఆషాఢంల ఏడుంటది?" అని అన్ననడిగింది. "తల్లిగారింట్ల. గీ బండి గూడ గీడ్నే ఉండనీ. పైకం ఇచ్చేద్దం, శ్రావణంల తోల్కపోదం."

అన్న టైరు వైపు చూశాడు. తన్నలేదు. సరేనన్నాడు. అరుగు మీద కూర్చున్న దుబాయి ఆయన ముసలి తల్లి నవ్వి, పిల్లను మంచిగా చూసుకుంటానంది.

మర్నాడే పసుపు నిజామాబాద్ గంజ్ మార్కెట్‌కు పోయింది. తడిసిన రెండు సంచులు ఇంట్లోనే ఆగాయి. మిగతావాటికీ ఎండాకాలం ధర రాలేదు. బండిలో మిగిల్చింది చాలావరకు పసుపులో పోయింది. ఆ మాట అన్న ఇప్పటిదాకా అనలేదు కాబట్టి నేనే రాస్తున్నాను.

బ్యాటరీ దిగిపోకుండా రోజు విడిచి రోజు పెర్కిట్ పోయి ఇంజను స్టార్ట్ చేసి వచ్చేవాణ్ణి. సొంత జీపు దగ్గరికి ఆటోలో పోయేవాణ్ణి. ఆటోవాళ్లు అత్తగారింటికేనా అని అడిగేవాళ్లు. ఆ ముసలమ్మ చాయ్ ఇచ్చి, ఆషాఢంలో అల్లుడు గడప తొక్కొద్దనేది. నేను బానెట్ మీద కూర్చుని తాగేవాణ్ణి. ఆమె కొడుకు అప్పటికే విమానమెక్కాడు. ఇంజను చప్పుడు వింటే కొడుకు ఇంట్లో ఉన్నట్టుంటుందని ఒకసారి అంది. ఆరోజు ఇంజను ఇంకొంచెంసేపు ఆపకుండా ఉంచాను.

శ్రావణం మొదటి శుక్రవారం జీపు మా ఇంటికొచ్చింది. తడిసిన సంచిలోని కొమ్ములు దంచిన పసుపే వదిన బానెట్‌కు రాసి, బొట్టు పెట్టింది. ఆరోజే కమ్మర్‌పల్లికి మొదటి ట్రిప్పు, పదకొండు మంది. వదిన ముందు సీట్లో కూర్చుంది. సగం దారిలో వాన అందుకుంది. దిగేసరికి బానెట్ మీద పసుపు లేదు, వెలిసిన నీలం మాత్రం ఉంది. వదిన అలవాటుగా ఓసారి బొటనవేలితో రుద్ది చూసుకుంది.

"బండి మంచిగనే ఉన్నది," అంది. "ముందుగాల గా హుడ్డు కుట్టియ్యి. ఎనక కూసున్నోళ్లు తడుస్తున్నరు."