నాలుగో టీ

నేను ముప్పై ఒక్క ఏళ్ళు ఆడపిల్లల హాస్టల్లో వార్డెన్‌గా పనిచేశాను. బాత్రూముల దగ్గర దయ్యం ఉందని పిల్లలు ఏడ్చిన ప్రతిసారీ వాళ్ళను వెంటబెట్టుకుని వెళ్ళి, కారుతున్న కుళాయినో, గాలికి కొట్టుకుంటున్న కిటికీ రెక్కనో చూపించి పడుకోబెట్టాను. ఇన్నేళ్ళలో అవి తప్ప ఇంకేమీ కనబడలేదు. ఈ సంగతి ముందే చెబుతున్నాను. కింద రాసింది చదివి నన్ను ఆ పిల్లల్లో కలపవద్దు.

ఆ ఉద్యోగం నాకు రెండు అలవాట్లు మిగిల్చింది. ఒకటి, బండి కదిలే ముందు తలలు లెక్కపెట్టడం. రెండోది, జరిగింది జరిగినప్పుడే చిన్న డైరీలో రాయడం. సాయంత్రం దాకా ఆగితే మనసు తనకు నచ్చినట్టు దిద్దుకుంటుంది.

ఆ రోజు ఫిబ్రవరి నెల రెండో ఆదివారం. భద్రాచలం అవతల అడవి పల్లెలో మా బంధువుల బిడ్డకు బాప్తిస్మం. పాల్వంచ నుంచి మా కారులో వెళ్ళాం. నా కొడుకు డేవిడ్ నడిపాడు. అతని పక్కన ఎడమ వైపు కోడలు రూతు. వెనక సీటులో నేను ఒక్కదాన్నే, ఎప్పటిలాగే ఎడమ తలుపు పక్కన. డైరీలో ఉదయం ఏడు పదికి "బయలుదేరాం, మనుషులు 3" అని ఉంది. మధ్యాహ్నం రెండు ఇరవైకి పల్లె నుంచి తిరుగు ప్రయాణం. అక్కడా "మనుషులు 3" అనే ఉంది.

మూడు నలభైకి గోదావరి దాటి ఇవతల అడవి మలుపులో టీ కొట్టు దగ్గర ఆగాం. డేవిడ్, రూతు కారు ముందు నిలబడి ఫోనులో బాప్తిస్మం ఫోటోలు చూసుకుంటున్నారు. టీలు చెప్పింది, డబ్బులిచ్చింది నేను. అక్కడే బల్ల మీద కూర్చుని రాశాను: "టీ 4, ఒకటి చక్కెర లేకుండా. 40 రూపాయలు." దాని కింద, కారెక్కాక: "3-55. మనుషులు 4."

పది నిమిషాల తరువాత, ఎడమ పక్క మట్టిదారి నుంచి ఒక సామాను వ్యాను ఆగకుండా రోడ్డెక్కి మా కారును నడుములో గుద్దింది. ఆ డ్రైవరు పొద్దున్నుంచీ ఇప్పసారా తాగుతూనే ఉన్నాడని తరువాత తెలిసింది.

డేవిడ్‌కు రెండు పక్కటెముకలు విరిగాయి. రూతు ఎడమ తొడ ఎముక రెండు చోట్ల విరిగింది, మోకాలు నలిగింది. నాకు కళ్ళజోడు అద్దం ఒకటి పగిలింది, అంతే.

ఖమ్మంలో పంతొమ్మిది రోజులు ఆసుపత్రి. బిల్లు మూడు లక్షల ఎనభై రెండు వేలు, సగం పైగా అప్పు. రాడ్ వేశారు గానీ మోకాలు వంగలేదు. రూతు కుట్టుమిషన్ మీద జాకెట్లు కుట్టి నెలకు పదకొండు, పన్నెండు వేలు తెచ్చేది. తొక్కుడు మిషను. కాలు వంగకపోతే పని లేదు. ఇంకో ఆపరేషన్ చేస్తే వంగుతుందని డాక్టరు చెప్పాడు. దానికి మా దగ్గర డబ్బు లేదు. అందుకని నష్టపరిహారానికి కేసు వేశాం.

ఖర్చులకు రుజువులు కావాలని మా వకీలు అడిగాడు. నేను బిల్లులతో పాటు డైరీ పేజీలన్నీ జిరాక్సు తీయించి ఇచ్చాను. ఆ ఆదివారం పేజీతో సహా. ఒక్క కాగితం తక్కువ ఇచ్చి ఉంటే ఈ కథే లేదు.

వ్యాను ఇన్సూరెన్సు వాళ్ళ వకీలు ఆ పేజీ పట్టుకున్నాడు. పోలీసు కాగితాల్లో ముగ్గురే ఉన్నారు. నా డైరీలో నలుగురు. ఆ నాలుగోవాడే లైసెన్సు లేకుండా కారు నడిపాడని, ప్రమాదం జరగగానే అడవిలోకి పారిపోయాడని, మేము దాచిపెడుతున్నామని అతని వాదన. అది నిలబడితే రూతుకు రావలసిన దాంట్లో కోత పడుతుంది. మేము అబద్ధాలకోరులమని తేలితే మొత్తమే పోవచ్చు.

మా వకీలు ఇంటికి వచ్చాడు. "అమ్మా, ముసలిదాన్ని, పొరపాటున రాసిన అనుండ్రి. ఒక్క మాటతోని అయిపోతది."

"గంత లెక్కల మనిషికి నాలుగు దాక లెక్క రాదా అంటరు," అన్నాడు డేవిడ్. తరువాత నా వైపు తిరిగి, "కానీ అమ్మా, కారెక్కినంక నువ్వు నలుగురం, పోనియ్ అన్నవ్. నిన్ను నువ్వు రెండుసార్లు లెక్కేసుకున్నవని నవ్విన," అన్నాడు.

"నేను గూడ విన్న అత్తమ్మా," అంది రూతు. మంచం మీద కాలు చాపుకుని ఎవరిదో చీరకు చేత్తో ఫాల్ కుడుతోంది. నన్ను ఏదో ఒకటి చెప్పమని అడిగినా బాగుండేది.

మరుసటి రోజు నేను బస్సులో ఆ టీ కొట్టుకు వెళ్ళాను. కొట్టు నడిపే ఆవిడ నన్ను గుర్తుపట్టింది, ప్రమాదం వల్ల.

"నాలుగంటే నాలుగిచ్చిన పెద్దమ్మా. ఒకటి చక్కెర లేకుండ. నాలుగు గ్లాసులు ఖాళీగ వచ్చినయ్, కడిగిన. ఎవరు తాగిన్రో నేను చూస్తనా? దినాం ఎంతమంది ఆగుతరు ఈడ!"

మా ఇంట్లో చక్కెర లేకుండా తాగేవాళ్ళు లేరు. మా ఆయన గుర్తొచ్చి అలా చెప్పి ఉంటానని కొందరన్నారు. ఆయన పోయి తొమ్మిదేళ్ళు. ఉన్నన్నాళ్ళూ మూడు చెంచాలకు తక్కువైతే గ్లాసు వెనక్కి పంపేవాడు.

వాయిదా రోజున కోర్టు వరండాలో ఆ వ్యాను డ్రైవరు నా దగ్గరికి వచ్చాడు. బక్కపలచని మనిషి, చొక్కా ఇస్త్రీ చేసి ఉంది. "అక్క నడుస్తున్నదా అమ్మా?" అని అడిగాడు. రూతు కర్రతో నడుస్తోందన్నాను. అతను అక్కడే గోడకు ఆనుకుని కూర్చుండిపోయాడు. లోపల మాత్రం తప్పించుకోలేదు. "తాగిన సార్. కారు నడిపింది ఈ అన్ననే. తప్పు నాది," అన్నాడు. తాగినవాడి కంటికి ఏం కనబడుతుందని ఇన్సూరెన్సు వకీలు నవ్వాడు.

తరువాత నన్ను పిలిచారు. దేవుని పేరు మీద ప్రమాణం చేశాను. పొరపాటు అనే మాట నాలుక మీదే ఉంది.

"ఈ 4 మీరు రాసిందేనా?" అన్నాడు ఇన్సూరెన్సు వకీలు.

"నేనే రాసిన."

"ఎవరా నాలుగో మనిషి?"

"తెల్వదు. కారు నడిపింది మాత్రం నా కొడుకే."

అతను జడ్జిగారి వైపు తిరిగి చేతులు చాచాడు. మా వకీలు తల దించుకున్నాడు. జడ్జిగారు నన్నే చూస్తూ, "ఆ మనిషి ఎక్కడ కూర్చున్నాడమ్మా?" అని అడిగారు.

"నా ఎడమ పక్కన," అన్నాను. ఆలోచించకుండానే నోట్లోంచి వచ్చింది. ఆ క్షణం దాకా అది నాకే తెలియదు.

జడ్జిగారు ఇన్సూరెన్సు సర్వేయరు తీసిన కారు ఫోటోలు తెప్పించుకుని చాలాసేపు చూశారు. ఇన్సూరెన్సు వకీలును పిలిచి చూపించారు. మా వకీలు నాకూ చూపించాడు. వెనక ఎడమ తలుపు లోపలికి వచ్చి, ఎడమ సీటును పూర్తిగా నలిపేసి, సరిగ్గా సీటు మధ్య కుట్టు దగ్గర ఆగింది. అక్కడ మనిషి ఉండి ఉంటే లేచి పారిపోవడం కాదు, బయటికి తీయడానికే కట్టర్లు కావాలి. ఎవరు నడిపినా, నలుగురం ఉంటే ఒకరు ఆ సీటులో ఉండాల్సిందే. సీటు మీద నెత్తురు చుక్క లేదు.

తీర్పు ఐదు వారాలకు వచ్చింది. అడిగిన దాంట్లో ముప్పావు వంతు ఇప్పించారు. నాలుగో వ్యక్తి ఎవరూ లేరని, డైరీలోని అంకె వృద్ధురాలి జ్ఞాపకలోపం వల్ల పడిందని రాశారు. జ్ఞాపకం మీద ఆధారపడకూడదనే కదా నేను డైరీ రాసేది. అయినా ఆ వాక్యం చదివి ఊరుకున్నాను. రూతుకు రెండో ఆపరేషన్ అయింది. క్రిస్మస్‌కు నా జాకెట్టు తనే కుట్టింది, మిషను మీద.

పొరపాటు పడ్డానని ఒప్పుకోవడానికి నాకు అభ్యంతరం లేదు. అంకె తప్పు కావచ్చు, టీ కూడా తప్పు చెప్పి ఉండవచ్చు. ఎవరో బాటసారి ఆ గ్లాసు తాగి పోయి ఉండవచ్చు. ఒక్క సంగతి దగ్గర మాత్రం నా లెక్క తేలడం లేదు. ఆ ఉదయం కూడా నేను ఎడమ తలుపు పక్కనే కూర్చున్నాను. తల ఆనించుకోవడానికి అక్కడే బాగుంటుంది. ప్రమాదం జరిగినప్పుడు మాత్రం మధ్య కుట్టుకు కుడి పక్కన ఉన్నాను. వెనక సీటంతా ఖాళీగా ఉంటే, నేను ఎవరికి చోటిచ్చి జరిగాను?

ఆ పేజీలో 4ను కొట్టేయలేదు. ఇప్పుడు కూడా కారెక్కితే ఎడమ పక్క వదిలేసే కూర్చుంటున్నాను. డేవిడ్ అద్దంలో ఒకసారి చూసి బండి కదిలిస్తాడు.