పొలమారిన బండి

ఆయన షెడ్డుకి బోర్డు లేదు. చెవి మేస్త్రి ఎక్కడ అని అడిగితే వీధి మొదట్లో పంక్చర్లు వేసే ముసలాయన తల ఎత్తకుండానే చెయ్యి చూపిస్తాడు. బురదలోనూ గుట్టల మీదా పందేలకి తిరిగే మోటారు సైకిళ్ళు, అవీ నలభై యాభై ఏళ్ళ నాటివి, వాటి కార్బొరేటర్లు సరిచెయ్యడం ఆయన పని. గాలీ పెట్రోలూ ఏ పాళ్ళలో కలవాలో పుస్తకం చూసి చెప్పేవాళ్ళు వేరే ఉన్నారు. మేస్త్రి మాత్రం చేతులు వెనక్కి కట్టుకుని, కళ్ళు మూసుకుని, గడ్డం పైకెత్తి ఇంజను మోత వింటాడు. అంతసేపూ షెడ్డులో ఎవరూ తుమ్మకూడదు. ఆ తర్వాత కళ్ళు తెరిచి, స్క్రూ ఒక పావు తిప్పుతాడు. బండి దారికొస్తుంది.

ముప్పై ఏళ్ళు ఇలాగే గడిచాయి. సైలెన్సరు లేని బండ్ల పక్కన అన్నేళ్ళు నిలబడితే చెవులు మాత్రం ఎంతకని ఓర్చుకుంటాయి? చెప్పాపెట్టకుండా మెల్లగా జారుకోవడం మొదలుపెట్టాయి. మేస్త్రి ఒప్పుకుంటేగా. ఈ కాలం జనానికి నోరు తెరిచి మాట్లాడటం చేతకావడం లేదని తేల్చేశాడు. ఒకాయన క్లచ్చు చూడమంటే స్విచ్చు మార్చి ఇచ్చాడు. వెనక గదిలో బట్టలు కుట్టే భార్య ఎర్ర దారం తెమ్మంటే అరకిలో కారం తెచ్చి, "బాగా ఎర్రగా ఉన్నదే ఏరి తెచ్చాను" అన్నాడు. ఆవిడ దాన్ని డబ్బాలో పోసుకుంది.

ఆవిడకి ఇంజన్లంటే పడదు. కుట్టు మిషను తొక్కుతూ, గోడ అవతలి మోతకి పేర్లు పెడుతూ ఉంటుంది. "ఇవాళ్టిది దగ్గుతోంది." "ఇదెవరిదండీ, వెక్కిళ్ళు పెడుతోంది?" మేస్త్రి ఏనాడూ పట్టించుకోలేదు. "నీ మిషను సంగతి నువ్వు చూసుకో" అనేవాడు.

చిక్కంతా డ్రిల్లు మాస్టారి బండితో వచ్చింది. రిటైరైన ఈ మాస్టారు అరవై రెండేళ్ళ వయసులో, తన ఇరవయ్యేళ్ళప్పటి బండి ఎక్కి, పాత బండ్ల పందేల్లో ఇంకా ఎగిరి దూకుతున్నారు. నెల రోజుల్లో రెండు పందేలు జరిగాయి. రెండింట్లోనూ గుట్ట మొదట్లో ఒక్కసారిగా రేజు ఇవ్వగానే ఇంజను గుటుక్కుమంది. రెండుసార్లూ మాస్టారు బండి తోసుకుంటూ గుట్ట ఎక్కారు. బతుకంతా పిల్లల మీద ఈల ఊదిన మనిషికి కింద నుంచి పాత శిష్యులు ఈలలు వేశారు.

"మేస్త్రీ, నీ మీద గౌరవం కొద్దీ చెబుతున్నా" అన్నారు మాస్టారు, మైదానంలో అరిచే గొంతుతో. "ఈ ఆదివారం కూడా ఆగిందంటే, మిషను పెట్టి చూసే కొత్త షెడ్డుకి తీసుకుపోతాను. చెవి మేస్త్రికి చెవుడొచ్చిందని ఇప్పటికే అంటున్నారు."

ఆ మాట మేస్త్రికి స్పష్టంగా వినపడింది. మాస్టారి బండి పోతే మిగతావీ దాని వెనకే పోతాయి. బండ్లు పోతే పోనీ, ఆ పేరు పోతే తనని ఇంక ఏమని పిలుస్తారు? అది తలుచుకుంటేనే ఆయనకి భయం వేసింది.

శనివారం పొద్దున్నే బండిని స్టాండు మీద పెట్టాడు. కార్బొరేటర్లో పెట్రోలు వచ్చే రంధ్రంలో ఒక సూది ఉంటుంది, దానికి అయిదు గాట్లు. సూదిని ఒక గాటు లేపితే పెట్రోలు ఎక్కువ పోతుంది, దించితే తగ్గుతుంది. బండి ఆకలితో ఆగిపోతోందని మేస్త్రి గట్టి నమ్మకం. మొదటి పందేనికి ముందు, మోత నీరసంగా వినపడిందని ఒక గాటు, రెండోదానికి ముందు ఇంకో గాటు లేపాడు. ప్లగ్గు నల్లగా మసిబారితే, ఆయిలు ఎక్కువ పోస్తున్నారని మాస్టారినే కసిరాడు. ఇప్పుడు మూడో గాటు కూడా లేపి, స్టార్టు చేసి, చేతులు వెనక్కి కట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. కాసేపటికి తల ఊపడం మొదలుపెట్టాడు.

"ఆ, ఇప్పుడు దారికొచ్చింది" అన్నాడు.

భుజం మీద చెయ్యి పడింది. భార్య మంచినీళ్ళ గ్లాసుతో నిలబడి ఉంది. ఆయన చెవి దగ్గర నోరు పెట్టి, "ఏం వింటున్నారండీ?" అంది. "ఇంజను ఆగిపోయి చాలాసేపైంది."

మేస్త్రి బండి వంక చూశాడు, గ్లాసు వంక చూశాడు. ఏం చెయ్యాలో తోచక నీళ్ళు తాగేశాడు.

"నీకెప్పుడు తెలిసింది?"

"కారం తెచ్చిన రోజునే. రెండేళ్ళయింది."

"మరి చెప్పలేదేం?"

"చెబితే మీరు వింటేగా."

సిగ్గుతో ఆయనకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆవిడ చూడనట్టు గ్లాసు అందుకుంది. "దానికి ఆకలి కాదండీ. నెలనాళ్ళుగా వింటున్నాను, పొలమారుతోంది. గొంతు పట్టనంత పోస్తుంటే ఎలా మింగుతుంది, పాపం?"

ముప్పై ఏళ్ళలో ఏ పుస్తకమూ మేస్త్రికి ఇంత పనికొచ్చే మాట చెప్పలేదు. సూది ఒక గాటు దించాడు. రేజు ఇచ్చి ఆవిడ మొహం చూశాడు. "పొలమారుతోంది" అంది. ఇంకో గాటు దించాడు. "ఇంకా." మూడో గాటు కూడా దించాక, "ఇప్పుడు గొంతు సవరించుకుంది" అంది. అంటే సూది తిరిగి తిరిగి మేస్త్రి వేలు పెట్టకముందు ఉన్న చోటికే చేరింది. ఈ సంగతి ఆయన ఆవిడకి చెప్పలేదు.

ఆదివారం పందెం దగ్గరికి భార్యని వెంటబెట్టుకు వెళ్తే, మిగతా మేస్త్రులు షికారుకి తెచ్చాడనుకున్నారు. చల్లటి గాలికి బండి కొంచెం గరగరలాడుతోందని ఆవిడ ఆయన చెవిలో చెప్పింది. ఆయన గాలి స్క్రూ ఒక పావు తిప్పాడు. పందెం మొదలైంది. మాస్టారు గుట్ట మొదట్లోకి వచ్చి రేజు ఇచ్చినప్పుడు మేస్త్రి బండి వంక చూడలేదు, భార్య మొహమే చూస్తూ నిలబడ్డాడు. ఆ మొహం విచ్చుకుంది. అప్పుడు తల తిప్పితే, మాస్టారు గుట్ట మీద ఉన్నారు.

ఏడుగురిలో నాలుగోవారిగా వచ్చారు. మొదటి బహుమతి వచ్చినవాడికి కూడా అంత సంబరం లేదు. పళ్ళ నిండా బురదతో వచ్చి, అందరి ముందూ మేస్త్రి భుజాలు పట్టి ఊపేశారు. "ఏం చెవి, మేస్త్రీ, నీది! ఏం చెవి!" అన్నారు.

ఆయనకి సరిగ్గానే వినపడిందో, 'ఏం చెయ్యి' అని వినపడిందో ఇప్పటికీ ఎవరూ తేల్చలేదు.

"చెయ్యి నాదే మాస్టారూ" అన్నాడు మేస్త్రి. "చెవి మా ఆవిడది."