ఎస్తేరమ్మ అడిగే ప్రశ్న

మాదాపూర్‌లో ఒక ఐటీ ఆఫీసు ఆరో అంతస్తులో ఎస్తేరమ్మ పద్నాలుగేళ్లుగా టీ ఇస్తోంది. నెరిసిన జుట్టు ముడి, నీలం యూనిఫాం చీర, ఎప్పుడూ తడి ఆరని చేతులు. ఎవరి మెడలో కార్డు మీదైనా క్రైస్తవ పేరు కనబడితే చాలు, కప్పు అందిస్తూ గొంతు తగ్గించి, "మీది ఏ చర్చి బిడ్డా? పసిపిల్లలకు బాప్తిస్మం ఇస్తరా?" అని అడుగుతుంది. మెదక్ వైపు తమ చర్చిలో పసిబిడ్డల తల మీద నీళ్లు చిలకరించి ఇస్తారు. కేథలిక్కులూ ఇస్తారని ఒక కేరళ అబ్బాయి చెప్పాడు. ఇస్తామని విన్న ప్రతిసారీ ఆమె ముఖం వాడిపోయేది. ఎందుకో ఎవరూ అడగలేదు.

మొన్న కొత్తగా చేరిన ఒంగోలు అమ్మాయి జాయ్స్ మాత్రం, "మేం బాప్టిస్టులమండి. పసివాళ్లకి ఇవ్వం. పెద్దయ్యి, తెలిసి నమ్మాకే నీళ్లలో ముంచి ఇస్తాం" అంది. ఎస్తేరమ్మ కప్పు బల్ల మీద పెట్టేసింది. "మరి బాప్తిస్మం కాకముందే పోయిన పిల్లలు? నా బిడ్డ తొమ్మిదో దినం పోయింది. పాస్టరయ్య వచ్చేసరికే పానం పోయింది. బాప్తిస్మం లేకుంటే పరలోకం దొరకదంటరు. ముప్పై ఏండ్లాయె, ఏడుందో అని ఒకటే ఫికర్."

జాయ్స్ లేచి ఆమె చెయ్యి పట్టుకుంది. "మా తమ్ముడూ నెల తిరక్కుండానే పోయాడండి. పసివాళ్లకి బాప్తిస్మం అక్కర్లేదు, వాళ్లు ప్రభువు దగ్గరే ఉంటారని చెప్పి మా పాస్టరుగారు సమాధి చేశారు. మా అమ్మ ఆ మాట మీదే బతుకుతోంది."

ఎస్తేరమ్మ పక్క కుర్చీలో కూర్చుని, గుండెల నిండా ఊపిరి తీసుకుంది. బాప్తిస్మం నాడు పెట్టాలనుకుని, పెట్టలేకపోయిన పేరును మొదటిసారి పైకి పలికింది.

"సలోమి. నా బిడ్డ పేరు సలోమి."