రెండో బంతి

మా ఆయన అన్నగారు రాయబారి. దేశదేశాల సభల్లో మనుషుల హక్కుల గురించి మాట్లాడే మనిషి. పంతొమ్మిదివందల అరవైల్లో సెలవు మీద హిందూపురం వచ్చినప్పుడల్లా, మగవాళ్లు ముందు భోజనానికి కూర్చుంటుంటే నవ్వుతూ పక్కకు తప్పుకునేవారు.

"నేను ఆడవాళ్లతో రెండో బంతిలో తింటా."

పెద్దకొడుకు తినకుండా మా అత్త కూర్చుంటుందా? అత్త కూర్చోకుండా కోడళ్లం మేం కూర్చుంటామా? రెండో బంతిలో ఆయన ఒక్కరే. ఆ దేశం, ఈ దేశం కబుర్లు చెబుతూ నింపాదిగా తినేవారు. మేం చుట్టూ నిలబడి, కాలే కడుపులతో వడ్డించేవాళ్లం.

ఒకరోజు అత్త ఇక ఉండబట్టలేకపోయింది.

"యాడాడో మంది హక్కులు చూస్తాండావు గానీ నాయనా, నువ్వొచ్చినప్పట్నుంచీ ఈడ మాకు పొద్దు వాలినాక గానీ సంగటి దొరకడంలే!"

ఆయన ముఖం చూడాలి! తేరుకుని పగలబడి నవ్వారు. మర్నాడు అందరికంటే ముందే కూర్చుని, గబగబా తిని, చెయ్యి కడుక్కొని గరిటె అందుకున్నారు.

"ఇప్పుడు మీరు కూచోండమ్మా."

కోడళ్లం సిగ్గుతో గోడకు అతుక్కుపోయాం. మా అత్త మాత్రం పీట లాక్కొని దర్జాగా కూర్చుంది.

"సంగట్లోకి ఇంగ రోంత నెయ్యి వెయ్యి నాయనా," అంది. "అదీ మా హక్కే గదా!"