బట్టలుతికే బండ మీద సముద్రం

నా చిన్నప్పుడు సముద్రం చూడాలని ఏడ్చిన రోజు ఒకటుంది. దాన్ని ఇప్పుడు రాయడానికి కారణం మా పుట్టింటి పెరట్లోని పాత బండ. ఈ వేసవిలో పులివెందులలో మా తమ్ముడు ఇల్లు బాగుచేయిస్తూ పాత బండలన్నీ తీయించి టైల్స్ వేయించాడు. ఆ ఒక్క బండ సంగతి నాకు తప్ప ఎవరికీ తెలియదు. అది నాతోనే పోకూడదు.

అప్పుడు నేను తొమ్మిదో తరగతి. భూగోళం చెప్పే అయ్యవారు పటంలో నీలం రంగును బెత్తంతో చూపిస్తూ అలల గురించి చెప్పేవారు. మాలో ఒక్కరైనా సముద్రం చూసినవాళ్లు లేరు. ఆ ఏడు బడి పిల్లలను సముద్రం చూపించడానికి మైపాడుకు తీసుకుపోతామన్నారు. రాత్రి అక్కడే ఉండాలి. ఆ మాట వినగానే మా నాయన వద్దన్నాడు. నేను అన్నం మానేశాను.

అయ్యవారే ఇంటికొచ్చి అడిగారు. నాయన మర్యాదగానే కాదన్నాడు. మా అవ్వ ఇంకో అడుగు ముందుకేసింది.

"సముద్రంలో ఏముండాది నాయనా, ఉప్పునీళ్లేగదా. అవి మా బాయిలో శానా ఉండాయి."

అయ్యవారికీ నవ్వొచ్చింది. తలుపు వెనక నేను మాత్రం ఏడుస్తున్నాను.

మజ్జిగ తాగి చేయి కడుక్కోవడానికి ఆయన పెరట్లోకి వచ్చారు. అక్కడ మేము బట్టలుతికే బండను చూసి ఆగిపోయారు. దాని నిండా వరసగా వంపులు ఉండేవి. ఆ గరుకుకు మురికి బాగా పోతుందని మా తాత కొండ దగ్గర నుంచి బండి మీద తెప్పించాడట. అయ్యవారు నన్ను పిలిచి, బండ మీద చెంబెడు నీళ్లు పోసి, నా అరచేతిని ఆ వంపుల మీద పెట్టించారు.

"పాపా, ఒకప్పుడు ఈ సీమంతా సముద్రమే. అల పోతా పోతా ఇసకలో గీసిన గీతలు ఇట్లా రాయైపోయినాయి. నువ్వు దినామూ సముద్రం మీదనే గుడ్డలుతుకుతాండావు."

అందరూ మైపాడుకు పోయిన రోజున నేను ఉతికిన గుడ్డలే మళ్లీ ఉతికాను.

అయితే ఒక అనుమానం ఉండిపోయింది. ఏడ్చే పిల్లను ఊరడించడానికి అలా చెప్పారేమో. పదో తరగతితో నా చదువు ఆగింది. పెళ్లయి ప్రొద్దుటూరు వచ్చాక గ్రంథాలయమే నా బడి అయింది. భూమి గురించి దొరికిన పుస్తకమల్లా చదివాను. ఒక మధ్యాహ్నం ఒక పుటలో అచ్చం మా బండే కనిపించింది. కింద పాత సముద్రపు అలల జాడలని రాసి ఉంది. అందులో మన కడప రాళ్ల ప్రస్తావనా ఉంది. ఒకరు చెప్పకుండా ఆ పుస్తకాన్ని నా అంతట నేనే అర్థం చేసుకున్నానని ఇప్పటికీ గర్వం. ఆయన నిజమే చెప్పారని పోయి చెబుదామంటే అయ్యవారు అప్పటికే లేరు.

ఈ మధ్య మనవరాలు నన్ను మైపాడు తీసుకుపోయింది. అల వెనక్కు తగ్గిన చోట వంగి తడి ఇసుక మీద చేయి పెట్టాను. నా అరచేతికి అది కొత్త కాదు. ఎదురుగా అంత సముద్రం పెట్టుకుని నేను మా పెరటి కోసం బెంగపడ్డాను. ఆ చెంబు, ఆ సబ్బు వాసన, అవ్వ ఎగతాళి.

అడిగిన పుస్తకమల్లా వెతికిచ్చిన గ్రంథాలయం అక్కకు, బండ పగలకుండా లేపిన మేస్త్రీకి, దాన్ని నాకిచ్చిన తమ్ముడికి నా నమస్కారాలు. ఇప్పుడది ప్రొద్దుటూరులో మా వాకిట్లో ఉంది. పొద్దున్నే దాని మీద చెంబెడు నీళ్లు పోస్తాను. నీళ్లు వంపుల్లో కాసేపు నిలిచి ఆరిపోతాయి. అంతవరకు అక్కడి నుంచి లేవను.